కొమ్మ

ఎనిమిదో తరగతికి కాంటూరు గీతలు చెప్తాను నేను.
గీతలు దగ్గరపడితే నిట్టనిలువు, దూరం జరిగితే వాలు.
సుద్దముక్కతో మహేంద్రగిరిని ఎన్నిసార్లు గీశానో,
గంట కొట్టగానే డస్టరుతో ఎన్నిసార్లు చెరిపేశానో.

ఆ ఆదివారం సోంపేటలో బస్సెక్కి
మందసలో దిగి
ఆటో ఇక రానన్న చోటునుంచి నడిచాను.
సంచిలో అర లీటరు నీళ్లు,
ఉప్పూకారం పట్టించిన పలాస జీడిపప్పు పొట్లం.
కాళ్లకి బడికి వేసుకెళ్లే చెప్పులే.
ఎవరికీ చెప్పలేదు.
చెప్పడానికేముంది,
నా మ్యాపులో అది బెత్తెడు దూరం.

మధ్యాహ్నం రెండింటికి
ఒడిశాకి స్వాగతం అంది ఫోను.
నవ్వుకున్నాను.
ఆ తర్వాత అది మరేమీ అనలేదు.

మంచు కాదు, మబ్బే
చెట్ల మధ్యకి నడిచొచ్చి
నా వెనక దారి మీద పడుకుంది
అదిలించినా లేవని గేదెలా.
దిగుతున్నాననుకుంటూ ఎక్కాను.
ఎక్కుతున్నాననుకుంటూ అదే పనసచెట్టు దగ్గరికి
మూడోసారి వచ్చాను.
చెట్టు కింద అప్పుడే చీల్చిన పండు, తొనలు లేవు.
పక్కనే తవ్విన చెదపుట్ట
మట్టి ఇంకా తడిగా, గోళ్ల గాట్లతో.
ఐదు గాట్లు.
లెక్కపెట్టాను, మాస్టార్ని కదా.

పరిగెత్తకూడదని తెలుసు. పరిగెత్తాను.
కుడి చెప్పు ఎక్కడ ఊడిందో తెలీదు.
నీళ్లు ఎప్పుడో అయిపోయాయి
ఉప్పు మాత్రం నాలుకని వదల్లేదు.

ఎలుగు ఉందో లేదో.
ఉన్నట్టే,
రాత్రంతా బండకి వీపు ఆనించి
ఎక్కాలు పైకి చదివాను.
పదమూడో ఎక్కంలో తప్పాను
మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టాను.

ఏ ఝాముకో మబ్బు కాస్త విడిపోయి
కింద, తూర్పున
బారువ ఒడ్డున దీపాలు.
కదిలేవి వేటకెళ్లే పడవలవి కాబోలు.
చెయ్యి చాపితే అందేట్టున్నాయి.
ఆ వెలుగుల ఇవతల ఎక్కడో నా గది,
మూత పెట్టిన కుండలో నీళ్లు,
తలుపుకి తాళం,
ఆ తాళం చూసి, ఊరెళ్లుంటాడులే
అనుకుని నిద్రపోయే పక్కింటివాళ్లు.
అడవి భయపెట్టిందని తర్వాత అందరికీ చెప్పాను.
అబద్ధం.
ఆ తాళం భయపెట్టింది.

తెల్లారి అడ్డాకుల కోసం వచ్చిన సవర సుంబారి
నన్ను చూసి కేక వెయ్యలేదు.
సొరబుర్రలోంచి అంబలి పోసింది.
ఒక్కపాలే మింగీకు, కడుపట్టుకుంటాది, అంది.
తాగడం అయ్యాక
నా కాళ్లకేసి, సంచికేసి చూసి
ఒకే ఒక్కటి అడిగింది.
"ఎవులికి సెప్పొచ్చినావు మాస్టరూ?"

ఆమె వెనకే దిగాను, ఆమె అడుగులో అడుగేసి.
దారి చీలే చోట వంగి
రాయి కిందనుంచి పచ్చి కొమ్మ ఒకటి లాగి పారేసింది,
చివర కొండవైపు తిప్పి పెట్టిన కొమ్మ.
"ఎల్లినోల్లు పెడతారు, తిరిగొచ్చినోల్లు తీసెత్తారు.
పొద్దోయినా కొమ్మ ఉంటే
ఊరంతా కాగడాలట్టుకుని ఎక్కుతాది.
నీ కొమ్మేదీ?"

ఏం చెప్పను.
పక్క రాయి కింద ఇంకోటి కనిపించింది,
ఆకులు వడిలాయి గానీ ఎండలేదు.
సాయం చేద్దామని తియ్యబోయాను.
నా చెయ్యి పట్టుకుంది.

"అది మా ఇంటాయనది.
తేనెకెల్లినాడు, తిత్లీ తుపాను ముందు రోజున.
కత్తి ఉంది, తాడు ఉంది, అగ్గిపెట్టె ఉంది,
కొండంతా తెల్సు."

తిత్లీ వచ్చి ఎన్నేళ్లయిందో
వేళ్లమీద లెక్కపెట్టి ఆగిపోయాను.

"వారానికోపాలి కొత్తది పెడతాను.
ఎండిపోతే ఊరోల్లు తీసెత్తారు."

అంబలి బుర్ర చంకకి తగిలించుకుని
ముందుకి నడిచింది.
నేను ఆ కొమ్మని తొక్కకుండా
ఒంటి చెప్పుతో
పక్కనుంచి దిగాను.