సున్నా కింద

పొద్దున్న ఎనిమిదికి ఫోను మోగుతుంది.
జిపార్‌గుల్ గొంతు. ముందు దగ్గు, తర్వాత అంకె.
"నూట పద్నాలుగు."
నారిన్ నదిలో కలిసే ఒక చిన్న యేటి ఒడ్డున
రంగు వెలిసిన కొలబద్ద మీద
ఆ పూట నీళ్లు ఆనిన చోటు అది.
ఇక్కడ డ్యాము ఆఫీసులో, రెండో అంతస్తులో,
ఆ అంకెని గళ్ల పుస్తకంలోకి దించుతాను.
పదకొండేళ్లుగా ఆమె నాకు తెలుసు.
ఒక్కసారీ చూడలేదు.

అంకె తర్వాత ఒక మాట వేస్తుంది, కొసరులా.
"ఇవాళ నీళ్లు బూడిద రంగు."
"రాత్రి పైన మంచు విరిగింది, కుక్క నిద్రపోలేదు."
"చేప ఎదురెక్కుతోంది, చేతికి చిక్కదు."
గళ్లలో వాటికి చోటు లేదు.
అంచున, పెన్సిలుతో రాసుకునేవాణ్ణి
బెక్‌మమత్ సారు చూస్తే చెరిపెయ్యొచ్చని.

ఒక వేసవిలో అంకె ఎగబాకింది.
నూట అరవై. నూట డెబ్భై రెండు.
ఆఫీసులో కుమిస్ సీసాలు తెరిచారు.
జలాశయం చుట్టూ కొండలకి పట్టిన తెల్లటి చార,
తొట్టిలో నీళ్లు దిగాక మిగిలే మడ్డి లాంటిది,
రోజుకింత మునిగింది.
"సంబరపడకండి," అంది ఆమె.
"ఈ యేటివి కావు ఈ నీళ్లు.
మా అమ్మమ్మ పుట్టకముందు కురిసిన మంచు.
వడ్డీ అనుకుని అసలు తింటున్నారు."
అది కూడా అంచున రాసి, నవ్వాను.
నవ్వానని కూడా రాసి ఉండాల్సింది.

తర్వాతి ఏళ్లు మెట్లు దిగినట్టు దిగలేదు.
ఒకసారి దిగి, ఒకసారి ఎక్కి,
మమ్మల్ని నమ్మించి, మళ్లీ దిగింది.
పైన గనిలో పేల్చిన బండల దుమ్ము
మంచు మీద వాలి ఎండని పిలుచుకుందని ఒకరు.
వంతెన దాటాక ఆప్రికాట్ తోటలు వేసినవాళ్లు
యేటికి మూడు చోట్ల గండి కొట్టారని ఒకరు.
ఇసుక లారీలని ఇంకొకరు.
మంచు పడాల్సిన నెలలో వాన పడుతోందని
టీ తెచ్చే కుర్రాడు.
అందరూ నిజమే చెబుతారు,
ఎవరి వంతు వాళ్లు కాస్త తగ్గించుకుని.

నా వంతు కూడా చెప్పాలి.
జనవరిలో పట్నమంతా హీటర్లు వేసుకుంటుంది.
నీళ్లు వదలమని ఆర్డరు వస్తే మీట నొక్కేది నేనే.
ఇంటికెళ్లి మేజోళ్లు ఆరేసుకునే హీటరూ నాదే.
జులైలో సరిహద్దు అవతలి లోయ నుంచి
పత్తి రైతు ఒకాయన ఫోను చేస్తాడు,
వచ్చీరాని రష్యన్‌లో, నీళ్లేవీ అని.
మొన్న చలికాలం వెచ్చగా పడుకున్నాం అని
అతనికి ఏ భాషలో చెప్పను?

నిన్న ఎనిమిదికి మోగలేదు. ఎనిమిదింపావుకి మోగింది.
దగ్గు. దగ్గు తర్వాత ఏమీ లేదు.
"చెప్పండి, జిపార్‌గుల్ ఎజే."
"కొలబద్ద పొడిగా ఉంది."
"సున్నా రాయనా?"
"సున్నా అంటే నీళ్లు లేనట్టు.
నీళ్లున్నాయి. సున్నాకి కింద,
రాళ్ల సందున, ఒత్తిగిలి పారుతున్నాయి.
నీ పుస్తకంలో వాటికి గడి ఉందా?"
వెతికాను.
ఈ పుస్తకం అచ్చేసినవాళ్లు
యేరు సున్నా దాటి దిగుతుందనుకోలేదు.

"ఉండు, పెట్టెయ్యకు," అంది.
ఫోను రాతి మీద ఆనిన చప్పుడు.
గులకరాళ్ల మీద రబ్బరు బూట్లు.
గొర్రెలదొడ్డి తలుపు నుంచి ఊడదీసిన చెక్కట,
గీతలు మనవరాలి గోళ్ల రంగుతో గీసిందట, తర్వాత చెప్పింది.
అప్పుడు మాత్రం సుత్తి ఒక్కటే వినిపించింది.
దెబ్బకీ దెబ్బకీ మధ్య
చాలా సన్నగా యేరు.
పదకొండేళ్లలో దాని గొంతు వినడం అదే మొదలు.

వెనకాల బెక్‌మమత్ సారు
ఇవాళ్టి అంకె ఎంతయ్యా అంటున్నాడు.
ఆగమని చెయ్యెత్తాను.
పెన్సిలు పక్కన పెట్టి
పెన్ను మూత తీశాను.