రెక్కల్లో నూట అరవై లీటర్లు

రాత్రి పదిన్నర. పందెం మొదలు.
రెండువందల ఎనభై ఏడు కిలోమీటర్లు, మూడు మలుపులు,
నేనెప్పుడూ చూడని దేశపు కొండలు.
ఇంజను లేదు. అదే పందెం.

విజినాపురలో మూడో అంతస్తు గది,
వంటగట్టు పక్కన బల్ల, పాత జాయ్‌స్టిక్కు.
దాని స్ప్రింగు పోతే పీణ్యాలో మా షాపులో
ఒక మధ్యాహ్నం అన్నం మానేసి నేనే చుట్టాను కొత్తది.
నిజం విమానం ఎక్కింది రెండుసార్లు.
రెండుసార్లూ మధ్య సీటే.

గ్లైడరు బరువుగా ఉంటేనే వేగం.
అందుకని రెక్కల్లో నీళ్ళు నింపుకుంటాం.
నూట అరవై లీటర్లు. ఒక్క మీట నొక్కితే నిండిపోతాయి.
ఇక్కడ మా మేడ మీది సింటెక్సు మూడు రోజులుగా
తడితే డప్పులా మోగుతోంది.

గీత దాటాం ఇరవై ఆరుగురం.
మందంతా ఎడమ గట్టు పట్టుకుంది.
నేనొక్కణ్ణే కుడివైపు.
ఆ మేఘం అడుగు నల్లగా, సాపుగా,
పెనం వెనకవైపులా కనిపించింది మరి.
పెనం చల్లారిపోయిందని వెళ్ళాక తెలిసింది.

పదకొండు వందల మీటర్లు. ఏడువందలు.
నాలుగు వందలు.
వేరియో మూలుగు, పళ్ళ డాక్టరు గదిలో వినబడే రకం.
కింద ముందు ఆకుపచ్చ మరకలు,
తర్వాత చెట్లు,
తర్వాత ఒక్కో చెట్టూ.

అప్పుడు గుర్తొచ్చాయి
శివాజీనగర్ మాంసం అంగళ్ళ మీది గద్దలు.
ఆదివారం అరకిలో కీమా కొట్టించుకునేలోపు
మెడ నొప్పిపుట్టేదాకా చూస్తాను వాటిని.
రెక్క ఆడించవు. తొందరపడవు.
గాలి ఏ రెక్కని లేపితే
ఆ రెక్కనే కిందికి వంచి తిరుగుతాయి.
అంతే వాటి చదువు.

కుడి రెక్క వెంట్రుకవాసి లేచింది.
వంచాను.
సెకనుకి నలభై సెంటీమీటర్లు.
మెట్లెక్కే ముసలమ్మ ఇంతకన్నా వేగం.
బరువు తగ్గాలి. నీళ్ళు వదలాలి.
మీట మీద వేలు ఆగింది.

నవ్వకండి.
కింద మెట్ల పక్కన వరసగా,
ఫాతిమున్నీసా గారి పసుపు బకెట్టు,
గురవయ్య మేస్త్రీ పెయింటు డబ్బా,
మూత లేని నా అల్యూమినియం క్యాను
సాయంత్రం నుంచీ ట్యాంకరు కోసం కాచుక్కూచున్నాయి.
నొక్కాను.
రెక్కల వెనక తెల్లగా రెండు తోకలు.
ఎవరి బిందెలోనూ పడవవి.

ఇరవై రెండు నిమిషాలు ఒకే సున్నా చుట్టాను.
టీ చల్లారి మీగడ కట్టింది.
కరెంటు పోయింది, ఇన్వర్టరు కుయ్యిమంది, నేనూ.
ముందువాళ్ళు రెండో మలుపు దాటేశారు.
నేను మాత్రం చీటీ కట్టేవాడిలా
ఎత్తుని పైసా పైసా కూడబెట్టాను.

తర్వాత గాలి కరుణించింది. ఎందుకని అడగలేదు.
రెండో మలుపు.
గట్టు రాళ్ళకి రెక్క కొస రాసుకుంటూ మూడోది.
ఇంక వెతుకులాట లేదు, చివరి జారుడే.
లెక్క ప్రకారం నలభై మీటర్లు మిగులు.
ఎనిమిది కిలోమీటర్ల దూరంలో రన్‌వే,
గోరు మీది గీతంత.

సందులో ట్యాంకరు వెనక్కి వస్తున్న కూత.
"నీరు బంతు! బేగ బన్ని!"
వాచ్‌మన్ తిమ్మరాజు గొంతు.

పందెంలో ఆపే మీట ఉండదు.
ట్రిమ్ సరిచేసి, రెక్కలు సమంగా పెట్టి,
పిల్లాణ్ణి సైకిలు మీద తోసి వదిలినట్టు వదిలేశాను.
మూడంతస్తులు, చెప్పుల్లేకుండా.
ఫాతిమున్నీసా గారి బకెట్టు మోశాను, నా క్యాను మోశాను,
పైపు నేను పట్టుకుంటే మేస్త్రీ మేడ మీద అరిచాడు,
చాలు, చాలు, పొంగుతోంది.

తిరిగొచ్చేసరికి
గీతకి పదమూడు వందల మీటర్ల ఇవతల
కోసేసిన చేలో నిలబడి ఉంది నా గ్లైడరు.
గాలి కొంచెం ఎడమకి తోసినట్టుంది.
ఒక్క గీతైనా పడలేదు ఒంటిమీద.

మొదట వచ్చిన పోలండు పెద్దాయన యారెక్
ఏమైంది అని రాశాడు.
నీళ్ళొచ్చాయి అని కొట్టాను.
వానా? అన్నాడు.
వివరించబోయి
తడి వేళ్ళకి స్పేస్‌బార్ జారుతుంటే
అవునన్నాను.