బెజ్జం

ఆపరేషన్‌కి ముందు రాత్రి
వార్డులో నా చేతులు చూపించమంది అంబుబాయి.
నలభై రెండేళ్ళు ముత్యాలకి బెజ్జాలు వేసిన మనిషి,
చార్‌కమాన్ వెనక సందులో,
కిటికీ పక్కన, విల్లుబద్దతో.
"గోర్లు మంచిగనే తీసినవ్. చెయ్యి వణుకుతదా?"
వణకదన్నాను.
"వణకాలె జెర. వణకని చెయ్యి ఇనదు."

బస్సు కాదు, మూతలేని మ్యాన్‌హోల్ కాదు,
ఇంట్లో చాప అంచు తట్టుకుని పడింది.
అంత చిన్న పడటానికి
చీలమండ మూడుచోట్ల విరిగింది.
ఎక్స్‌రేలో ఎముక
ఉతికి ఉతికి పలచబడిన నేతచీర,
అవతలి వెలుతురు ఇవతలికి కనపడుతూ.

పొద్దున తొమ్మిదింబావు. తొడకి పట్టీ బిగించాం.
చర్మం కాగితమే.
కింద ఫిబులా, తడిసిన సుద్దముక్క.
ముక్కల్ని చేర్చి, పలక ఆనించి
మొదటి రంధ్రం వేశాను.
రెండో గోడ తగిలిందో లేదో తెలియకుండానే
డ్రిల్లు అవతలికి వెళ్ళిపోయింది.
స్క్రూ తిప్పాను. తిరిగింది.
ఇంకా తిరిగింది.
తిరుగుతూనే ఉంది,
నీళ్ళు రాని కుళాయిలా.
మత్తు డాక్టరు ఫోన్లోంచి తలెత్తాడు.
సిస్టర్ సునంద ఏమీ అనలేదు;
ఏమీ అనకపోవడంలో ఆమెకి పాతికేళ్ళ సర్వీసు.

అప్పుడు గుర్తొచ్చింది, రాత్రి చివర్లో,
నేను వెళ్ళబోతుంటే అన్న మాట:
"పుచ్చు ముత్తెం దొరికితే
ఒత్తేటోడు పలగ్గొడ్తడు బిడ్డా.
బలం ముత్తెంల లేకుంటే
దాన్ని పట్టుకునే కట్టెల ఉండాలె."

పలక మార్చాం.
తలలకి కూడా మరలున్న స్క్రూలు,
ఎముకని నమ్ముకోకుండా పలకనే కరిచే రకం.
కింద నాలుగు గుత్తిగా, పైన రెండు,
నడుమ రెండు మాత్రం పొడుగువి,
ఫిబులా దాటి పక్క ఎముకలోకి,
పొరుగింటి గోడకి దూలం ఆనించినట్టు.
డ్రిల్లు నెమ్మది చేశాను.
ఏసీ హోరులో, మానిటర్ కూతల మధ్య
చాలా సన్నగా వినిపించింది
గోడ మొదలయ్యే చప్పుడు.
చెయ్యి జెర వణికింది.

ఆరు వారాలకి వచ్చింది, వాకర్ మీద,
పక్కింటి రఫియాని తోడు తెచ్చుకుని.
ఎక్స్‌రేని కిటికీకెత్తి
కళ్ళు చిట్లించి లెక్కబెట్టింది.
"ఎనిమిది. ఒకటి వంకరుంది."
ఉంది. ఎవరూ చూడలేదనుకున్నాను.

"అది సరేగని, ఆ పొడి ఏంజేసిన్రు?"
ఏ పొడి?
"బెజ్జమేస్తే రాలదా? మా ఉస్తాద్
ముత్తెం పొడి గుడ్డల మూటగట్టి
హకీమ్‌కి ఇస్తుండె.
చిటికెడు గూడ పారబొయ్యనియ్యకపోతుండె."

సెలైన్‌తో కడిగేశామని చెప్పడానికి
నాకు కాసేపు పట్టింది.