ఎనిమిది పోగులు

మగ్గం గదిలోకి వైఫై రాదు.
బరంపురం దేవాంగుల వీధి గోడలు మూరెడు మందం,
మట్టీ, సున్నం, తాతల మొండితనం.
చీర విప్పి కటకం షావుకారికి చూపిద్దామంటే
ఫోనులో ఆయన మొహం సగంలో ఆగిపోద్ది.
అందుకే వైరు.

ఖగేశ్వర్ రెండుసార్లు కొన కత్తిరించాడు.
రెండుసార్లూ రౌటర్ మీద ఆ ఒక్క దీపం వెలగలేదు.
డబ్బా మీది బొమ్మలో కన్నం పసుపు,
మా దానికి నీలం. నేను అక్కడే ఆగిపోయాను.
"ధొళా-కొమొళా, కొమొళా, ధొళా-సొబుజొ, నీళొ..."
వాడు జపంలా గొణుగుతున్నాడు.

పడుగు అతుకుతున్న సూరప్పత్త
తలెత్తకుండా అంది:
"నోరు నీలం అంటంది, చెయ్యి పచ్చ పెడతంది."

లేచొచ్చింది. వేళ్లకి బూడిద రాసుకుని
మెలికలు విప్పి, ఎనిమిదీ సాపు చేసి,
గోటితో వరస దువ్వి పట్టుకుంది.
వాడు నొక్కాడు. టక్.
దీపం.
కటకం షావుకారు నిండు మొహంతో
"ఎరుపు లేదా?" అన్నాడు.

"ఇది తెగితే ఎక్కడ అతకాల్రా?"
"అతకరు మావుసీ. కొత్తది వేస్తారు."

అత్త ఏమీ అనలేదు.
పడుగులో ఇంకా వెయ్యి పైన కొనలున్నాయి.