ఐదో విస్తరి

పరంజ్యోతి గారి దగ్గర
పదకొండేళ్ళు గుమస్తాగా చేశాను.
నరసాపురంలో, రేవుకి దిగే సందులో
కింద వలదారాల కొట్టు, పైన మా ఆఫీసు.
వానాకాలం కాగితాలు మెత్తబడి
సిరా అవతలి పక్కకి దిగేది.

ఎమర్జెన్సీ అని రేడియో చెప్పిన ఏడు,
తొలి పంటు దిగి ఓలేటి ఎంకాయమ్మ వచ్చింది.
ఉప్పుమళ్ళలో కూలి పెంచమన్న కొడుకుని,
ధర్మరాజుని, జీపెక్కించి తొమ్మిది రోజులు.
"ఆ పేరు గలవాడు మా దగ్గర లేడు" అన్నారట.
నవ్వుతూ అన్నారట.
ఆ నవ్వే ఆవిడకి భయం.

ఆయన చెప్తుంటే పిటిషను టైపు కొట్టాను.
ఆఖరి వాక్యం ఆవిడకి తెలుగులో విప్పి చెప్పాను:
సదరు శరీరమును కోర్టువారి ఎదుట హాజరుపరచవలెను.
ఎంకాయమ్మ లేచి నిలబడింది.
"శరీరవేంటి బాబూ,
శరీరం అడిగితే శరీరవే ఇత్తారు.
మనిషిని అడుగు."

పరంజ్యోతి గారు కళ్ళజోడు తీసి
చాలాసేపు తుడిచారు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి.
తరవాత ఆ మాట కొట్టేసి
పైన, పెన్నుతో, మనిషి అని రాశారు.
ఇంగ్లీషు పిటిషన్లో తెలుగు మాట.
రిజిస్ట్రారు తిప్పి పంపుతాడని తెలుసు ఆయనకి.

రుజువో?
సాయంత్రం స్టేషనెదురు గవర్రాజు హోటల్లో
రెండు పెసరట్లు తిని, అరువు కాతా చూపించమన్నారు.
లాకప్పు రికార్డులో పేర్లు నాలుగు.
కాతాలో లాకప్పుకి విస్తళ్ళు
పూటకి అయిదు.
అయిదు. అయిదు. అయిదు.
నేను సంతోషం పట్టలేక ఆయన భుజం తాకాను.
ఆయన వేలు ఇంకా కిందికి జరుగుతోంది.

పన్నెండో తారీకు రాత్రి నించి
విస్తళ్ళు కూడా నాలుగు.

గవర్రాజు ఆ కాగితం తనే చింపి ఇచ్చాడు.
"ఎలకలు కొట్టేశాయంటాన్లెండి" అన్నాడు.
చేతులు వణుకుతున్నాయి, చిల్లర కింద పోశాడు.

హైకోర్టుకి రాత్రి రైలు.
కాగితం ఆయన లోపలి జేబులో.
కిటికీ ఊచ పట్టుకుని ఎంకాయమ్మ అడిగింది:
"కూడెడతన్నారా బాబూ ఆడికి?"
కోర్టులోనైనా బయటైనా
అబద్ధం ఆడగా నేను చూడని మనిషి,
"పెట్టారమ్మా" అన్నారు.

రైలు కదిలింది.
దీపం మలుపు తిరిగేదాకా చూసి
ఆవిడ నావైపు తిరిగింది.

"ఎప్పటిదాకా ఎట్టారు?"