చౌడు

ఉరవకొండలో ఎన్ని గోడలకు గార పూసినానో లెక్కల్యాదు.
నా పండ్లకే గార పట్టిందంటాది డాక్టరమ్మ.

"చిగురు కింద, వేరుదాకా గీకాల దస్తగిరీ.
ఉత్త మందు పుక్కిలిస్తే
చౌడెక్కిన గోడకు సున్నం కొట్టినట్టే."
నా మాటే అది. ఈయమ్మకెవరు చెప్పినారో!

సూది. మొద్దుబారిన దవడ. లోపల కరకర,
తాపీతో పాతగోడ గోకినట్టు.
గిన్నెలో నెత్తురు, ఇసుకంత రాయి.
గీకిన సందుల్లో ఏదో మందు కూరింది.

రెండువారాలు పొద్దూ మాపూ ఆ మందునీళ్లే.
ఉగ్గాని చప్పగా ఉంది, టీ తుప్పు రుచి.

ముందటి పన్ను ఒకటి ఇంకా కదుల్తాంది.
రాత్రిళ్లు నాలుకతో తట్టి చూస్తా,
పాతిన గుంజను తట్టినట్టు.

ఈ పొద్దు ఉమ్మితే తెల్లగా పడింది.
ఖాసింబీని పిలిచి చూపించినా.