టేపు మొదట్లో

మొదటి పాఠానికి మైకు లేదు.
చెంగల్రాయులు సారు అగ్గిపుల్ల గీసి
కొవ్వొత్తి ముట్టించి నా మూతి ముందర పెట్టాడు.
"పలమనేరు అను పాపా."
అన్నాను. ఆరిపోయింది.
"నువ్వే ముట్టించు. మళ్లీ అను."
పొద్దు గూకేసరికి పాకాల, పీలేరు, పుత్తూరు,
చివరికి భాకరాపేట కూడా దాటినాను.
మంట తల ఊపింది గాని చావలేదు.
ఆయన గ్లాసులో టీ సగం నాకు పోశాడు.
మెచ్చుకోలంటే ఆయన దగ్గర అంతే.

అంతకు ముందు ఆయన
సైకిలు వెనక బ్యాటరీ కట్టుకొని
పంచాయతీ రేడియోలు బాగుచేస్తా ఊరూరు తిరిగిన మనిషి.
తాళం వేసిన చెక్కపెట్టెలో
ఊరికొక గొంతు ఉండిన కాలం.
తాళంచెవి జేబులో వేసుకొని ప్రెసిడెంటు సంతకు పోతే
ఆ రోజు దేశంలో ఏమీ జరగనట్టే.
కార్వేటినగరం పక్కపల్లెలో ఒక అవ్వ
పెట్టె వెనక్కి పోయి తొంగిచూసి
"ఈ నాయన అన్నం ఎప్పుడు తింటాడు?" అనిందంట.
కొత్తగా వచ్చిన ప్రతి బ్యాచికీ ఆ మాట చెప్పేవాడు.
మేం నవ్వేవాళ్లం.
ఆయన నవ్వేవాడు కాదు.
"మాట్లాడేవాడు తిన్నాడో లేదో
వినేవాళ్లకి తెలుస్తాది."

నాది రేణిగుంట రైల్వే క్వార్టర్స్ యాస.
ఇంట్లో అరవం, వీధిలో తెలుగు,
రెండూ ముద్ద కలిపి మింగేదాన్ని.
పరీక్ష రోజు పెద్ద ఆఫీసరు మొహం చిట్లించాడు.
సారు ఫైల్లో ఏదో రాసి మడిచిపెట్టాడు.
తర్వాత వరండాలో అన్నాడు:
"ఉండాది అంటే ఉండాది అనే చెప్పు.
శనక్కాయల రేటు నువ్వు చదివితే
రైతుకు వాళ్ల చెల్లెలు చెప్పినట్టుండాల.
కానీ నీళ్లు నీల్లయితే మాత్రం నేనూరుకోను."

కల్యాణి డ్యాంలో నీళ్లెంతో చదివేటప్పుడు
అంకె ముందర ఒక్క క్షణం ఆగమనేవాడు.
"ఆ క్షణంలో
ఖాళీ బిందెలతో ఊరూరంతా
నీ నోట్లోకి చూస్తా ఉంటాది."

బ్లేడుతో టేపు కోసి అతికించడం ఆయనే నేర్పాడు.
మా దగ్గులు, తడబాట్లు
గోధుమరంగు రిబ్బన్లుగా ఆయన మెడలో వేలాడేవి.
"ఊపిరి కొయ్యొద్దు మే,
ఊపిరి తీసేస్తే పీనుగ చదివినట్టుంటాది."

టేపులు చాలేవి కావు.
ఎవరిది తుడిచి వాడాలో నెలనెలా ఒక జాబితా.
మొదటి పేరు ఎప్పుడూ ఆయనదే, ఆయన చేతిరాతతోనే.
బావులు తవ్వేవాళ్లతో ముచ్చట్లు,
మామిడి తోటల కాపలా కథలు,
స్వర్ణముఖి పొంగిన రాత్రి తెల్లవార్లూ చదివిన హెచ్చరికలు,
అన్నిటి మీదా మా పిల్లగొంతులు పరిపించాడు.
అడిగితే "పలక తుడవకుండా ఎట్ల రాస్తావు?" అన్నాడు.
అప్పుడది నాకు గొప్పగా తోచింది.
ఇప్పుడు కోపమొస్తుంది.

కొర్లగుంట మేడ మీది గదిలో ఆయన పోయినాక
నివాళి కార్యక్రమానికి ఆయన గొంతు కావాలన్నారు.
బీరువాలన్నీ దించి మూడు రోజులు వెతికాం.
ఎక్కడా లేదు.

ఈమధ్య నేను పాఠాలు చెబుతుంటే
కొవ్వొత్తి ఎందుకు మేడం, ఫోను లైటు పెట్టుకుంటామన్నారు పిల్లలు.
ఫోను లైటు ఆరదు నాయనా, అన్నాను.
కొవ్వొత్తి కోసం పాత పెట్టె తెరిస్తే
అడుగున నా పరీక్ష టేపు.
జాబితాలో ఎక్కకుండా ఎవరు దాచారో.

మొదట్లో అర నిమిషం
కుర్చీ కాలు ఈడ్చిన చప్పుడు.
"గ్లాసు పక్కకు పెట్టు, మోగతాది."
కాసేపు ఏమీ లేదు. ఫ్యాను.
తర్వాత మెల్లగా,
పెద్ద ఆఫీసరుకు వినబడకుండా,
"తినే వచ్చినావా పాపా?"

ఊ, అంటుంది ఆ పిల్ల.

అబద్ధం.
ఇన్నేళ్లకు నాకే తెలుస్తోంది.